నిగారింపు వేరు, నిబ్బరం వేరు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మన పెద్దవాళ్ళు. రాతిరోలే ఆగలేని ఎండకి రబ్బరు ముక్క ఎంత, ప్లాస్టిక్కు పట్టీ ఎంత? బెజవాడలో కాపురం ఉన్నవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. అయినా ఊళ్ళో ఏ కారు సామాన్ల కొట్టుకైనా వెళ్ళి, "బాబూ, ఈ నల్ల ప్లాస్టిక్కు ఎండకి పాడవకుండా ఏదైనా ఇయ్యి" అని అడిగి చూడండి. తళతళలాడే సీసా ఒకటి తీసి చేతిలో పెడతాడు. ఎండ నుంచి కాపాడే మందు అడిగితే, ఎండలో మెరిసే మందు ఇస్తాడు! ఈ రెండూ ఒకటేనని నమ్మించే లోకంతోనే ఇవాళ నా తగాదా.

ఊరికే తగాదా పెట్టుకోవడానికి నాకు తీరికెక్కడిది? దెబ్బ తిన్నాను కనక మాట్లాడుతున్నాను.

2023లో, ఉగాదికి ముందు, నేనో పాత కారు కొన్నాను. అచ్చంగా నా నవలల మీద వచ్చిన డబ్బుతోనే సుమండీ! నవలల మీద కార్లు కూడా వస్తాయా అని ఆశ్చర్యపోకండి. పన్నెండు నవలలకి, ఎవరో ఎనిమిదేళ్ళు వాడి వదిలేసిన కారు ఒకటి వచ్చింది. లెక్క సరిపోయింది.

అమ్మకానికి పెట్టిన చోట అది పెళ్ళిచూపులకి కూర్చోబెట్టిన పిల్లలా ఉంది. బంపరు అంచులూ, పక్క అద్దాల డొప్పలూ, తలుపుల కింది పట్టీలూ, వైపర్ల కింద ఉండే జల్లెడ పలకా, అన్నీ కాటుక దిద్దినంత నలుపు. టైర్లయితే గోదాలోకి దిగబోయే వస్తాదు భుజాల్లా నిగనిగలాడుతున్నాయి. "చూశావా, ఎంత ముచ్చటగా వాడుకున్నారో! ఎనిమిదేళ్ళదంటే ఎవరూ నమ్మరు" అన్నారు మావారు. ఎవరూ నమ్మకుండా ఉండాలనే అలా తయారుచేశారని మా ఇద్దరికీ తోచలేదు.

రెండుసార్లు కడిగేసరికి కాటుక కారిపోయింది. నెల తిరిగేసరికి బంపరు అంచులు విభూతి పూసుకున్న బైరాగిలా బూడిదరంగు తేలాయి.

ఇక మొదలయ్యాయి సలహాలు. కారు నా ఒక్కదానిదే కాని సలహాలు మాత్రం ఊరందరివీ. "తలకి పనికొచ్చేది బంపరుకి పనికిరాదా?" అని మావారు కొబ్బరినూనె పట్టించారు. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజుకి బందరు రోడ్డు దుమ్మంతా వచ్చి దానిమీద కాపురం పెట్టింది. మా ఆడపడుచు కొడుకు నల్ల బూట్ పాలిష్ రాసి వెళ్ళాడు. ఆ సాయంత్రం పేరంటానికి వెళ్ళి కారు దిగుతుంటే, ఆ పాలిష్ అంతా నా గంజిపెట్టిన చీర కుచ్చెళ్ళకి బదిలీ అయింది. కారు కడిగే కుర్రాడు డీజిలు గుడ్డతో ఒక్కసారి తుడుస్తానమ్మా అన్నాడు. నాకా వాసన పడదు కనక వద్దన్నాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అదీ తెలియక చేసిందే.

చివరికి పక్కింటి బాబాయిగారు వచ్చారు. రిటైరైన మనిషి, ఏ విషయం మీదైనా ఖచ్చితమైన అభిప్రాయం ఉన్నవారు. "తలుపు తీస్తుంటే రబ్బరు కిర్రుమంటోందమ్మాయ్. పెట్రోలియం జెల్లీ రాయి. పెదవులు పగిలితే రాసుకోవడం లేదూ?" అన్నారు. తర్కం బాగానే ఉందనిపించింది. ప్రతి ఆదివారం నాలుగు తలుపుల బీడింగులకీ, పసిపిల్లకి వెన్న రాసినట్టు రాశాను.

ఆషాఢంలో మొదటి పెద్దవాన కురిసింది. మర్నాడు కారు తలుపు తీస్తే కింద చాపంతా నీళ్ళు. ఆ నీళ్ళల్లో, ప్రెస్సుకి తిరిగి ఇవ్వాల్సిన నా నవల ప్రూఫులు. పది రోజులు కూర్చుని దిద్దినవి! కథానాయిక కన్నీళ్ళ దగ్గర ఇంకు కరిగి పేజీ అంతా నీలమైంది. అంత కన్నీరు నేను రాయలేదు.

కారు తీసుకుని ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ ఓ పెద్ద మేస్త్రీ ఉన్నాడు. తలుపు తీసి, బీడింగుని రెండు వేళ్ళతో నొక్కి చూసి, "దీనికి నూనె ఎవరు పూశారమ్మా?" అన్నాడు.

"నేనే. పక్కింటి బాబాయిగారు చెప్పారు."

"అయితే కొత్త బీడింగు డబ్బులు ఆయన్నడగండి."

పాతదాన్ని ఊడలాగి కొత్తదాని పక్కన పెట్టి చూపించాడు. పాతది నీళ్ళలో నానిన అప్పడంలా ఉబ్బి, సాగి, గాడిలోంచి జారిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

అంతటితో అయిపోతే ఇంత కోపం వచ్చేది కాదు. మేస్త్రీ వంగి టైరుని తడిగుడ్డతో గట్టిగా తుడిచి, "ఇలా వచ్చి ఈ నంబరు చదవండి" అన్నాడు. నాలుగు అంకెలు: 2315. ఏ వారంలో తయారైందో మొదటి రెండూ, ఏ సంవత్సరమో తరవాతి రెండూ చెబుతాయట. అంటే 2015వ సంవత్సరం, 23వ వారం. కారుతో పాటు పుట్టిన టైర్లు. ఆ అంకెల చుట్టూ, టైరు పక్కగోడ నిండా, ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు.

"ఇవి కొన్నప్పుడు లేవే!" అన్నాను.

"ఉన్నాయమ్మా. పాలిష్ కింద ఉన్నాయి" అన్నాడు.

నాకు ఒళ్ళు జల్లుమంది. అంతకు రెండు నెలల ముందే, నడి వేసవిలో, పిల్లలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని ఆ టైర్ల మీదే అన్నవరం వెళ్ళొచ్చాం. హైవే మీద లారీల పక్కనించి. ఆ సత్యదేవుడే ఒడ్డున పడేశాడనుకుని దణ్ణం పెట్టుకున్నాను. కాని దేవుడి మీద అంత భారం మోపిందెవరు? ఓ సీసాడు మెరుపు. అది అలంకారం కాదు, అబద్ధం!

నేను బి.ఏ.లో తెలుగూ, చరిత్రా చదివినదాన్ని. రసాయన శాస్త్రానికి ఆమడ దూరంలో బతికాను. కాని మోసపోయిన ఆడది పట్టుదలకొస్తే ఏం చదవదు? దొరికిందల్లా చదివాను. నాకు బోధపడింది చెబుతాను, వినండి.

బంపర్లూ, అంచు పట్టీలూ చాలామటుకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కుతో చేస్తారు. ఈ రకం ప్లాస్టిక్కులకి దారి చూపిన జీగ్లర్, నట్టా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకి 1963లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ ప్లాస్టిక్కులో అణువులు పొడుగాటి పూలదండల్లా ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి తగిలి, గాలిలోని ఆక్సిజన్ కూడా తోడై, ఆ దండల దారం తెగుతుంది. పైపొర పొడిపొడిగా, కంటికి కనిపించని బీటలతో గరుకెక్కుతుంది. గరుకు తలం వెలుతురుని చెదరగొడుతుంది కనక మనకి బూడిదగా కనిపిస్తుంది.

మరి నూనె రాయగానే నల్లబడుతుందేం? చిన్నప్పుడు బళ్ళో పలక గుర్తుందా? తడిగుడ్డతో తుడవగానే నిగనిగలాడేది. ఆరగానే మళ్ళీ బూడిద. అదే కిటుకు. నూనె ఆ బీటల్లోకి దిగి కాసేపు నునుపు చేస్తుంది. తెగిన దారం అతకదు. పైగా సిలికోన్ నూనె దానంతటది అతినీలలోహిత కిరణాన్ని ఆపదు; వాకిలి తీసిపెట్టినట్టు దారి ఇచ్చేస్తుంది. ఆ కిరణాన్ని మింగి వేడిగా మార్చేసే పదార్థాన్ని విడిగా కలిపితేనే అది రక్షణ. కలపకపోతే వట్టి తడిగుడ్డ, కాస్త ఖరీదైన తడిగుడ్డ!

రబ్బరు కథ వేరు. అందులోనూ రెండు కులాలు. తలుపు బీడింగులు సాధారణంగా ఈ.పి.డి.ఎం. అనే రకం. ఎండకీ, వానకీ, ఓజోను వాయువుకీ బాగా తట్టుకుంటుంది. ఒక్క పెట్రోలియం నూనెలంటేనే దానికి పడదు, ఉబ్బిపోతుంది. అంటే ఎండని తట్టుకోగల గట్టిపిండాన్ని నేను ప్రేమతో చంపానన్నమాట.

టైరు రబ్బరుకి అంత నిబ్బరం లేదు. 1839లో గుడ్ఇయర్ అనే అమెరికా ఆయన రబ్బరుని గంధకంతో ఉడికించి దానికి గట్టిదనం తెచ్చాడు. పాపం, అప్పులతోనే పోయాడు. తరవాతివాళ్ళు మసిలాంటి కార్బన్ కలిపి ఇంకా బలం ఇచ్చారు. అంతకుముందు టైర్లు తెల్లగానే ఉండేవి. కాబట్టి టైరుకి నలుపు సోకు కాదు, సత్తువ. బళ్ళ పొగా ఎండా కలిస్తే నేల దగ్గర పుట్టే ఓజోను రబ్బరుని కొరికి బీటలు పెడుతుంది. అందుకని తయారీలోనే టైరులో మైనమూ, ఓజోనుకి విరుగుడు మందూ కలుపుతారు. బండి తిరుగుతుంటే టైరు వంగి లేస్తూ ఉంటుంది, ఆ మందు ఊరి పైకొచ్చి పొరకడుతుంది. టైరు మీద కనిపించే గోధుమరంగుని మురికి అనుకుని మనం తోమి తోమి వదిలిస్తామే, చాలాసార్లు అది ఈ మందే. దాన్ని గీకేసి, దాని బదులు మెరుపు కొనుక్కుంటాం. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కదండీ!

ఇంత చదువుకుని కొట్టుకి వెళ్ళాను. మూడు సీసాలు వరసగా పెట్టాడు కుర్రాడు.

"ఇది రాస్తే ఎండ నుంచి కాపాడుతుందా?" అన్నాను.

"సూపర్ షైన్ వస్తుంది మేడమ్."

"షైన్ సరేనయ్యా, ఎండ సంగతి?"

"దీనికైతే డబుల్ షైన్ మేడమ్."

"ఇందులో ఏం కలిపారు? పెట్రోలియమా, నీళ్ళా? ఎన్నాళ్ళు ఆగుతుంది?"

కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. "ఇవన్నీ మీకెందుకు మేడమ్? మీ సార్‌ని తీసుకురండి, ఆయనకి చెబుతాను" అన్నాడు.

మా సార్ కొబ్బరినూనె రాసిన సంగతి వాడికి తెలియదు పాపం!

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడికెవరూ చెప్పలేదు, వాడు నాకు చెప్పలేదు. నా కోపం సీసా మీద అంతంత అక్షరాలతో 'రక్షణ' అని అచ్చువేసి, దేని నుంచి రక్షణో, ఎన్నాళ్ళో రాయని వాళ్ళ మీద. మనం మొహానికి రాసుకునే ఎండ క్రీముకి కూడా ఓ అంకె ఉంటుంది. నేను కొన్న మూడు సీసాల మీదా అంకె లేదు. బోలెడంత మెరుపున్న కారు బొమ్మ మాత్రం ఉంది. ఆడవాళ్ళకి మెరుపు చూపిస్తే చాలు, మగవాళ్ళకి కారు చూపిస్తే చాలు అనుకున్నారేమో!

మూడూ కొని తెచ్చి, బంపరు అంచుని శుభ్రంగా సబ్బునీళ్ళతో కడిగి, టేపుతో నాలుగు భాగాలు చేశాను. మూటికి మూడు రాసి, నాలుగోది ఉత్తగా వదిలేశాను. ఎండ నుంచి ఏది ఎంత కాపాడిందో చెప్పడానికి నా దగ్గర ప్రయోగశాల లేదు. ఏది ఎన్నాళ్ళు నిలిచిందో చూడటానికి కళ్ళు చాలు కదా. కిరసనాయిలు వాసన కొట్టే మొదటిది అన్నిటికంటే బాగా మెరిసింది. రెండో రోజుకి దుమ్ము పట్టి, మొదటి వానకి తలుపు మీద నల్ల చారలు కట్టింది. పాలలా తెల్లగా ఉన్న రెండోది ముట్టుకుంటే పొడిగా ఉంది. మెరుపేమీ లేదు, కొత్త ప్లాస్టిక్కులా ఉందంతే. నెలకి పైగా ఆగింది. మూడోది నల్లరంగు. అది జుట్టుకి వేసే రంగులాంటిది, వయసు దాస్తుంది, తగ్గించదు.

ఇప్పుడు నా తీర్పు. సీసా కొనేటప్పుడు మెరుపుని చూడకండి, మూడు ప్రశ్నలు అడగండి. నీళ్ళతో చేసిందా, పెట్రోలియం ద్రావకంతో చేసిందా? అతినీలలోహిత కిరణాల్ని ఆపే పదార్థం కలిపామని స్పష్టంగా రాశారా? ఎన్నాళ్ళకోసారి రాయాలి? నీళ్ళతో చేసి, ఆ పదార్థం కలిపి, రాశాక పొడిగా ఉండేదైతే కొనండి. మన ఎండలకి నెలకోసారి రాయక తప్పదు. ఒక్కసారి రాస్తే జన్మంతా చాలునంటే నమ్మకండి. డబ్బున్నవాళ్ళకి సిరామిక్ పూత ఉంది, నెలల తరబడి నిలుస్తుంది. కాని మురికి మీద పూస్తే మురికే నిలుస్తుంది. బీడింగులకి సిలికోన్ గ్రీజు పల్చగా చాలు. పెయింటుకి రాసే మైనం పాలిష్‌ని గరుకు ప్లాస్టిక్కుకి తగలనివ్వకండి, సందుల్లో తెల్లగా కూర్చుంటుంది. టైరు నేలకి ఆనే భాగానికీ, బ్రేకుల దగ్గరా, పెడల్స్‌కీ ఏదీ రాయకండి; స్కూటరు టైర్లకి అసలే వద్దు. జారితే మెరుపు ఆపదు.

"ఓ నల్ల పట్టీ కోసం ఇంత రాద్ధాంతమా?" అంటారు కొందరు. ఆ నల్ల పట్టీ ఎవరి కార్లకి ఎక్కువ ఉంటుందో చూడండి. ఖరీదైన రకానికి బంపరూ, అద్దాల డొప్పా, తలుపు పిడీ అన్నీ కారు రంగే. ఆ రంగు పైపొరే వాటికి గొడుగు. అదే కారులో చవక రకం కొన్నవాడికి రంగు వెయ్యని నల్ల ప్లాస్టిక్కు ఇస్తారు. అప్పు చేసి కొన్న బండి నాలుగేళ్ళకే ముసలిదైనట్టు కనిపిస్తే, ఆ మనిషే ఈ సీసాల కోసం పరిగెత్తుతాడు. అంటే ముందు గొడుగు లేకుండా అమ్మి, తరవాత గొడుగు పేరుతో నూనె అమ్ముతున్నారు! రాద్ధాంతం కాదంటారా?

మెరుపంటే నాకు పగ లేదు. పెళ్ళికి వెళ్తూ నేనూ పౌడరు రాసుకుంటాను. పౌడరుని మందని ఎవరికీ అమ్మను, అంతే తేడా. మీ కారు మెరవాలనుకుంటే మెరిపించుకోండి. అమ్మేవాడి కారు మెరుస్తుంటే మాత్రం తడిగుడ్డ ఒకటి తీసుకెళ్ళండి. టైరు తుడవండి, నాలుగంకెలు చదవండి, బీడింగు నొక్కి చూడండి. అమ్మేవాడు నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి. మీ పిల్లలు వెనక సీట్లో కూర్చుంటారు.

ఇక అన్నిటికంటే గొప్ప మందు ఏ సీసాలోనూ లేదు. నీడ. మా వీధి చివర వేపచెట్టు కింద ఇప్పుడు నా కారు ఉంటోంది. కాకులు తమ వంతు సేవ చేస్తూనే ఉన్నాయి. దానికి నీళ్ళూ గుడ్డా చాలు. నాలుగు కొత్త టైర్లూ, కొత్త బీడింగులూ వేయించాక ఇంకో నవల తాలూకు డబ్బు కూడా ఆవిరైంది.

మొన్న ఆ కొట్టుకే మళ్ళీ వెళ్ళి, ఆ పాలరంగు సీసా ఇంకోటి ఇమ్మన్నాను. కుర్రాడు గుర్తుపట్టి, "ఈసారి కూడా సార్ రాలేదా మేడమ్?" అన్నాడు.

"లేదయ్యా, ఇంటి దగ్గర బంపరు తుడుస్తున్నారు. సీసా కోసం ఎదురుచూస్తూ ఉంటారు, త్వరగా ఇయ్యి" అన్నాను.